మాల మెడలో ఉన్నన్నాళ్లూ ముట్టని మనిషి సంక్రాంతికి మళ్లీ ఎందుకు తాగుతాడు?

కౌశిక_తీరం (ప్రశ్న)

మాది అమలాపురానికి దగ్గరలోని ఒక గ్రామం. నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తాను. జీవశాస్త్రంతో నా పరిచయం పదవ తరగతి పుస్తకం వరకే కనుక, జవాబు ఇచ్చే పెద్దలు ఆ సంగతి దృష్టిలో పెట్టుకోవలసిందిగా మనవి.

మా అన్నయ్యకు యాభై ఏళ్లు దగ్గర పడ్డాయి. అల్లవరం వైపు రొయ్యల చెరువులు చేస్తాడు. రాత్రి ఏరేటర్లు చూసుకుని వచ్చి పడుకోబోయే ముందు ఒక క్వార్టర్ తాగడంతో మొదలైన అలవాటు, కొన్నేళ్లుగా, తెల్లవారి లేవగానే కొంత పడితే తప్ప చేతి వణుకు ఆగని స్థితికి వచ్చింది. అయితే ప్రతి కార్తీకంలోనూ అయ్యప్ప మాల వేసుకుంటాడు. మాల మెడలో ఉన్న 41 రోజులూ చుక్క ముట్టడు. కొండకు వెళ్లి వచ్చి మాల తీసిన తరువాత, భోగి నాటికి కోడిపందేల బరి దగ్గర మళ్లీ సీసాతో కనిపిస్తాడు, అదీ మునుపటి కంటే ఎక్కువగా. ఏటా ఇదే చూసి మా అమ్మా, వదినా ఒక నిర్ణయానికి వచ్చారు. మానదలచుకుంటే మానగలడు కనుక ఇది రోగం కాదు, ఇంట్లోవాళ్లంటే లెక్కలేకపోవడం అని వారి అభిప్రాయం.

ఈ ఏడాది మాల వేసుకున్న మరునాడు తెల్లవారుజామున, చన్నీళ్ల స్నానానికి లేచిన సమయంలో, అతనికి ఫిట్స్ వచ్చాయి. అంతకు ముందెన్నడూ అతనికి ఆ జబ్బు లేదు. దీక్షలో ఏదో అపచారం జరిగి ఉంటుందని తోటి స్వాములు అన్నారు. ఊళ్లో వైద్యం చేసే ఆయన వచ్చి గ్లూకోజు సీసా ఎక్కించారు. తరువాత పట్నంలో ఒక ఆసుపత్రికి తీసుకువెళితే, మందు ఒక్కసారిగా ఆపడం వలన వచ్చిన మూర్ఛ అని చెప్పి, కొన్నాళ్లు ఉంచుకుని పంపించారు. అంతకు మించి వివరించే తీరిక అక్కడ ఎవరికీ లేకపోయింది.

విషం తాగితే ఫిట్స్ రావడం అర్థమవుతుంది గాని, విషం మానితే ఫిట్స్ రావడం ఏమిటి? ఇన్నేళ్లూ మాల వేసుకుని మానినప్పుడు రానిది ఈ ఏడే ఎందుకు వచ్చింది? ఇది నిజంగా మెదడుకు పట్టిన జబ్బే అయితే, 41 రోజులు ఉగ్గబట్టుకునే శక్తి ఎక్కడి నుంచి వస్తోంది, మాల తీయగానే అది ఎక్కడికి పోతోంది? మరొక సంగతి కూడా మనసును తొలుస్తోంది. మా నాన్నగారు కూడా తాగి తాగి కాలేయం చెడి పోయారు. మా ఇంటి మగవాళ్లు ఎంత తాగినా తూలరని ఊళ్లో పేరు. ఇంజనీరింగ్ చదువుతున్న అన్నయ్య కొడుకు కూడా అప్పుడే ఆ పేరు తెచ్చుకున్నాడని ఈ మధ్య తెలిసింది. ఇది రక్తంలో వచ్చేదేనా?

మనోవైద్యం_కాకినాడ

మీ అన్నయ్యగారిని నేను పరీక్షించలేదు కనుక, ఇక్కడ చెప్పేది ఇటువంటి రోగులందరికీ సాధారణంగా వర్తించే విషయమని గ్రహించండి. మీ ప్రశ్నలో రెండు వేరు వేరు సమస్యలు కలిసిపోయి ఉన్నాయి. మందు ఆపిన మొదటి వారంలో శరీరం ఎదురుతిరగడం ఒకటి. శరీరం కుదుటపడిన తరువాత కూడా మనిషి మళ్లీ సీసా దగ్గరకు వెళ్లడం రెండవది. రెండింటికీ మూలం మెదడే అయినా, వాటి వెనుక పనిచేసే భాగాలు వేరు, చికిత్సలు కూడా వేరు. ఇళ్లలో జరిగే అపార్థం చాలావరకు ఈ రెండింటినీ ఒకటిగా చూడడం వలననే కలుగుతుంది.

మొదట ఫిట్స్ సంగతి చెబుతాను. మెదడులో నాడీకణాలను ఉత్తేజపరిచే రసాయనాలలో ముఖ్యమైనది గ్లూటమేట్, శాంతపరిచే వాటిలో ముఖ్యమైనది గాబా. ఆల్కహాల్ చాలా చిన్న అణువు కావడం వలన రక్తంలో నుంచి మెదడులోకి పోవడానికి దానికి అడ్డేమీ లేదు. అక్కడ అది గాబా గ్రాహకాల (నాడీకణం మీద ఆ రసాయనాన్ని అందుకునే భాగాల) పనిని పెంచుతుంది, గ్లూటమేట్ ఆధారంగా పనిచేసే ఎన్‌ఎండీఏ గ్రాహకాలను అణచివేస్తుంది. బెరుకు పోవడం, మాట తడబడడం, నిద్ర ముంచుకురావడం, రాత్రి చేసిన గొడవ పొద్దున్న గుర్తుండకపోవడం ఎక్కువగా ఈ రెండు చర్యల ఫలితాలే. అయితే రోజూ ఇదే జరుగుతుంటే మెదడు ఊరుకోదు. గాబాకు స్పందించడం తగ్గించుకుంటుంది, ఎన్‌ఎండీఏ గ్రాహకాలను పెంచుకుంటుంది, ఆ విధంగా మద్యం ఉండగానే మామూలుగా పనిచేయడం నేర్చుకుంటుంది. ఎదురుగాలికి ముందుకు ఒరిగి నడుస్తున్న మనిషి, ఆ గాలి ఒక్కసారిగా ఆగిపోతే బోర్లా పడతాడు. మందు హఠాత్తుగా ఆపిన మెదడు పరిస్థితి అదే. శాంతపరిచే వ్యవస్థ బలహీనపడి, ఉత్తేజపరిచే వ్యవస్థ పెరిగి ఉన్న ఆ సమయంలో వణుకు, చెమట, గుండెదడ, నిద్రలేమి, కొందరిలో మూర్ఛ వస్తాయి.

వీటికి దాదాపు ఒక కాలక్రమం ఉంది. చివరిసారి తాగిన 6 నుంచి 12 గంటల్లో వణుకు మొదలవుతుంది. ఫిట్స్ వచ్చేవారికి ఎక్కువగా మొదటి 48 గంటల లోపే వస్తాయి. రెండు మూడు రోజులు గడిచాక కొద్దిమందిలో సన్నిపాతం వంటి స్థితి కలుగుతుంది. ఎక్కడున్నదీ, ఏ పూట అయినదీ తెలియదు, గోడల మీద పురుగులు పాకుతున్నాయంటారు, జ్వరం, రక్తపోటు పెరుగుతాయి. దీనినే డెలీరియం ట్రెమెన్స్ అంటారు, చికిత్స అందకపోతే ప్రాణం మీదికి వస్తుంది. మాల వేసుకున్న మరునాడు మీ అన్నయ్యగారికి ఫిట్స్ రావడం ఈ క్రమానికి సరిగ్గా సరిపోతుంది. అందులో అపచారం ఏమీ లేదు. మాల కోసం నిష్ఠగా మానడమే ఆ మూర్ఛను తెచ్చింది.

ఇదంతా తిండి లేకపోవడం వలన వచ్చే నీరసమేనని ఒకప్పుడు వైద్యులు కూడా వాదించారు. అమెరికాలోని లెక్సింగ్టన్‌లో హారిస్ ఇస్బెల్ బృందం చేసి 1955లో ప్రచురించిన ప్రయోగం ఆ వాదానికి గట్టి సమాధానం ఇచ్చింది. మంచి ఆహారం, విటమిన్లు ఇస్తూనే పదిమందికి వారాల తరబడి మద్యం తాగించి, ఒక్కసారిగా ఆపి చూశారు. ఎక్కువ కాలం తాగినవారిలో కొందరికి ఫిట్స్ వచ్చాయి, కొందరికి మతి చలించింది. ఆ మనుషులు నార్కోటిక్స్ కేసుల్లో శిక్ష అనుభవిస్తున్నవారు కనుక, నేడు ఏ నైతిక కమిటీ కూడా అటువంటి ప్రయోగానికి అనుమతి ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా. కాని దాని ఫలితం మాత్రం ఈనాటికీ నిలిచి ఉంది.

మరి ఇన్నేళ్లు రానిది ఇప్పుడే ఎందుకు అన్నారు. తాగే పరిమాణం పెరగడం, వయసు పెరగడం కొంత కారణం కావచ్చు. దానికి మించినది మరొకటి ఉంది. మందు హఠాత్తుగా ఆపడం, మళ్లీ మొదలుపెట్టడం అనేక మార్లు జరిగినకొద్దీ, ప్రతి విరమణా ముందు దాని కంటే తీవ్రంగా ఉండే అవకాశం ఉందని బాలెంజర్, పోస్ట్ అనే వైద్యులు 1978లో ప్రతిపాదించారు. ఎక్కువసార్లు మాని మళ్లీ తాగినవారిలో ఫిట్స్ ఎక్కువగా కనబడతాయని తరువాతి పరిశీలనలు తేల్చాయి. మొదటి ఏడు వణుకుతో పోయినది, కొన్నేళ్ల తరువాత మూర్ఛగా మారవచ్చు. ప్రతి కార్తీకంలోనూ వైద్య సహాయం లేకుండా మానడం ఆ మెదడు మీద అచ్చం ఇటువంటి ముద్రనే వేస్తుంది. కార్తీకంలోను, క్రైస్తవ కుటుంబాల నుంచి ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాలలోను ఇటువంటి ఫిట్స్‌తో వచ్చేవారిని చూడడం మా వార్డులో కొత్త కాదు.

గ్లూకోజు సీసా గురించి కూడా ఒక మాట చెప్పక తప్పదు. రోజూ తాగేవారిలో థయమిన్, అంటే బి1 విటమిన్, బాగా తగ్గిపోతుంది. తిండి తక్కువ కావడం ఒక కారణమైతే, పేగు దానిని పీల్చుకోకుండా మద్యం అడ్డుపడడం మరొకటి. మన డెల్టాలో తినేది తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం కనుక ఆ విటమిన్ తవుడుతోనే పోతుంది. థయమిన్ లోపంతో వచ్చే బెరిబెరికి ఒకప్పుడు ఉత్తర సర్కారు జిల్లాలు పేరుమోసినవన్న సంగతి సాంఘిక శాస్త్రం చెప్పే మీకు ఆసక్తి కలిగించవచ్చు. గ్లూకోజును వాడుకోవడానికి మెదడుకు థయమిన్ కావాలి. లోపం తీవ్రంగా ఉన్న మనిషికి థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు మాత్రమే ఎక్కిస్తే, మిగిలిన ఆ కాస్త నిల్వ కూడా ఖర్చయి, కనుగుడ్లు సరిగా కదలకపోవడం, నడక తూలడం, మతి తప్పడం వంటి లక్షణాలతో వెర్నికె వ్యాధి రావచ్చు. జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికె దీనిని 1881లోనే వర్ణించారు. సకాలంలో థయమిన్ ఇంజెక్షన్లు పడకపోతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది. కనుక ఇటువంటి రోగికి సీసా కట్టే ముందు బి1 ఇచ్చారా అని అడగడం కుటుంబం హక్కు.

ఇక 41 రోజుల సంగతి. మెదడు మధ్యభాగం నుంచి న్యూక్లియస్ అక్యుంబెన్స్ అనే చోటికి పోయే నాడీమార్గం, కోరికను పుట్టించే డోపమిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తుంది. మొదట్లో అది తాగినప్పుడు విడుదలవుతుంది, అలవాటు ముదిరిన కొద్దీ తాగబోతున్నామని సూచించే గుర్తులు కనబడగానే విడుదలవుతుంది. కోతులలో వోల్‌ఫ్రామ్ షుల్జ్ 1990లలో చేసిన ప్రయోగాలు ఈ మార్పును స్పష్టంగా చూపించాయి. అక్కడ కోతికి దొరికేది పండ్లరసం, ఇక్కడ మనిషికి దొరికేది బ్రాంది, సూత్రం మాత్రం ఒకటే. ఆ సమయం, ఆ దారి, ఆ స్నేహితులు, ఆ వాసన, చెరువు గట్టున ఆ పాక, అన్నీ కోరికను రగిలించే మీటలుగా మారతాయి. 1993లో రాబిన్సన్, బెర్రిడ్జ్ మరొక ముఖ్యమైన విషయం చెప్పారు. కావాలనే తపన, తాగితే కలిగే తృప్తి ఒకటి కావని, వ్యసనంలో తృప్తి తరిగిపోతున్నా తపన పెరుగుతూనే ఉంటుందని వారి సిద్ధాంతం. రోగులు తరచుగా చెప్పే మాట కూడా అదే: సుఖం లేదండి, కాని ఉండలేను.

దీక్షలో ఈ మీటలన్నీ ఒక్కసారిగా మాయమవుతాయి. బట్టల రంగు మారుతుంది, పడక మారుతుంది, స్నానం వేళ మారుతుంది, సాయంకాలం బ్రాందీ షాపు వైపు పోయే కాళ్లు భజనకు పోతాయి, ఊరంతా స్వామీ అని పిలుస్తుంది, మందు పోసే మిత్రుడు కూడా ఎదురుపడితే చేతులు జోడిస్తాడు. మెదడు ముందుభాగం చేయవలసిన నిగ్రహాన్ని ఇంతమంది, ఇన్ని నియమాలు కలిసి మోస్తాయి. మాల తీసిన రోజున ఆ ఆసరా మొత్తం పోతుంది, వారాల వ్యవధిలోనే సంక్రాంతి వస్తుంది. పందెం బరి, డబ్బు, గుంపు, సీసాల చప్పుడు, అన్నీ ఒకేచోట ఉంటాయి. కనుక శక్తి ఎక్కడికో పోలేదు, దానిని నిలబెట్టిన ఏర్పాటు పోయింది. మునుపటి కంటే ఎక్కువ తాగుతున్నాడన్నారు, అది కూడా కేవలం మొండితనం కాదు. మద్యానికి అలవాటుపడిన ఎలుకలకు కొంతకాలం మద్యం ఆపి మళ్లీ ఇస్తే, కొన్నాళ్లపాటు మునుపటి కంటే ఎక్కువ తాగుతాయని 1960ల నుంచి తెలుసు. ఎలుకకు కుటుంబం మీద లెక్కలేనితనం ఉండే అవకాశం లేదు గదా.

పాలకొల్లు_పాతరైతు

డాక్టరు గారి వివరణ గౌరవంగా చదివాను. అయినా నాకొక సందేహం ఉన్నది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో ఎత్తివేశారు. ఆ మధ్యకాలంలో మా వీధిలో ఏళ్ల తరబడి తాగినవారు కొందరు దొరకక మానేసి, పొలం పనులు చక్కగా చేసుకున్నారు. ఎవరికీ ఫిట్స్ రాలేదు. నిషేధం లేని యానాం నుంచి తెప్పించుకుని తాగినవారూ ఉన్నారనుకోండి, అది వేరే సంగతి. దొరక్కపోతే మానగలిగినదాన్ని జబ్బు అనడం వలన, తాగి భార్యను కొట్టేవాడికి కూడా నా మెదడే కారణం అని చెప్పుకునే వీలు ఇస్తున్నామేమోనని నా భయం.

జీవరసాయనం_తణుకు

నేను డిగ్రీ కళాశాలలో జీవరసాయన శాస్త్రం బోధిస్తాను. పాతరైతు గారి సందేహం న్యాయమైనదే గాని, దానికి సమాధానం అంకెలలో ఉంది. కేంద్ర ప్రభుత్వం ఢిల్లీ ఎయిమ్స్ చేత చేయించి 2019లో వెలువరించిన సర్వే ప్రకారం, దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతారు. వారిలో హానికరంగానో వ్యసనంగానో తాగేవారు సుమారు 5.7 కోట్లు, అందులోనూ వ్యసనపరులుగా లెక్కకు వచ్చినవారు దాదాపు సగం. అంటే తాగేవారిలో అధికులకు ఈ జబ్బు లేదు, సీసా దొరకకపోతే వారు నిజంగానే మానేయగలరు. మీ వీధిలో మానినవారు ఆ కోవకు చెందినవారు కావచ్చు. లభ్యత తగ్గితే వ్యసనం కూడా తగ్గడం జీవశాస్త్రానికి విరుద్ధం కాదు, డాక్టరు గారు చెప్పిన మీటలలో దుకాణం మొదటిది. ఇక కొట్టడం గురించి: జబ్బు ఉన్నందువలన చట్టం ముందు బాధ్యత పోదు.

మాష్టారు అడిగిన రక్త సంబంధం విషయానికి వస్తాను. తాగిన మద్యం ఎక్కువ భాగం కాలేయంలో రెండు మెట్లలో విరుగుతుంది. మొదటి ఎంజైము దానిని ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది, రెండవది ఆ ఎసిటాల్డిహైడ్‌ను హాని లేని ఎసిటేట్‌గా మారుస్తుంది. మధ్యలో వచ్చే ఎసిటాల్డిహైడ్ విషపదార్థం. చైనా, జపాన్, కొరియా ప్రజలలో చాలామందికి పుట్టుకతోనే రెండవ ఎంజైము సరిగా పనిచేయదు. ఒక గ్లాసు పడేసరికి ముఖం కందిపోయి, గుండె దడదడలాడి, వాంతి వస్తుంది. వారికి అది పెద్ద రక్షణ, అటువంటివారు మద్యానికి బానిసలు కావడం అరుదు. మన దేశంలో ఆ జన్యుమార్పు చాలా తక్కువమందిలో ఉంది, అంటే ప్రకృతి పెట్టిన ఆ అడ్డుకట్ట మనకు లేదు. అదే అడ్డుకట్టను మాత్రతో కల్పించేది డైసల్ఫిరామ్. అది రెండవ ఎంజైమును ఆపుతుంది. డెన్మార్క్‌లో హాల్డ్, యాకబ్‌సెన్ దానిని కడుపులోని పురుగులకు మందుగా పరిశీలిస్తూ తామే మింగి చూసి, తరువాత మద్యం తాగినప్పుడు ఈ గుణాన్ని గమనించి, 1948లో ప్రకటించారు.

వంశం సంగతి తేల్చడానికి చేసిన అధ్యయనాలలో నాకు బాగా నచ్చినది కూడా డెన్మార్క్‌దే. డొనాల్డ్ గుడ్‌విన్ బృందం 1973లో ప్రచురించింది. మద్య వ్యసనం ఉన్నవారికి పుట్టి, పసికందులుగానే వేరే ఇళ్లకు దత్తత వెళ్లిన కొడుకులను వారు పరిశీలించారు. కన్నవారి ముఖం ఎరుగకుండా పెరిగినా, వారిలో వ్యసనం ఇతర దత్తపుత్రుల కంటే సుమారు నాలుగు రెట్లు కనిపించింది. కవలల మీద జరిగిన అనేక పరిశోధనలను కలిపి చూస్తే, మనిషికీ మనిషికీ మధ్య ఈ విషయంలో ఉండే తేడాలో సుమారు సగం జన్యువుల వలన, మిగతా సగం పరిసరాల వలన అని తేలుతోంది. దీనర్థం పిల్లల్లో సగం మందికి వస్తుందని కాదు. వ్యసనపరుల పిల్లలలో అధికులు వ్యసనపరులు కారు.

ఇప్పుడు మీ ఇంటి పేరుప్రతిష్ఠల గురించి. ఎంత తాగినా తూలకపోవడాన్ని మన వైపు మగతనంగా చెప్పుకుంటారు. మార్క్ షుకిట్ అనే అమెరికా వైద్యుడు, ఇరవై ఏళ్ల ప్రాయంలో ఉన్న యువకులకు కొలిచిన మోతాదులో మద్యం ఇచ్చి, ఎవరికి ఎంత మత్తు ఎక్కిందో నమోదు చేసి, సుమారు పదేళ్ల తరువాత మళ్లీ వారిని వెతికి పట్టుకున్నారు. వ్యసనపరుల కొడుకులలో మత్తు తక్కువగా ఎక్కినవారిలో నూటికి 56 మంది ఆ సరికే వ్యసనంలో పడ్డారు. మత్తు బాగా ఎక్కినవారిలో 14 మంది మాత్రమే పడ్డారు. ఇది 1994లో వెలువడింది. కారణం ఊహించడం కష్టం కాదు. ఇక చాలు అని శరీరం చెప్పవలసిన సమయంలో చెప్పదు, పక్కవాడు రెండు గ్లాసులతో లేచిపోతే ఇతడు సీసా పూర్తి చేస్తాడు, ఆ పరిమాణానికి మెదడు అలవాటుపడుతుంది. మీ అన్నయ్యగారి అబ్బాయి విషయంలో నేను ఆందోళన పడేది ఇందుకే. వాడికి ఈ ఒక్క సంగతి అంకెలతో సహా చెప్పండి, ఇంజనీరింగ్ విద్యార్థి కనుక అంకెలు వింటాడు.

అంకెల సందర్భంలోనే మరొకటి. ఒక క్వార్టర్ సీసాలో 180 మి.లీ. ఉంటుంది, బలం 42.8 శాతం, అంటే లోపల ఉన్న శుద్ధ ఆల్కహాల్ సుమారు 60 గ్రాములు. సామాన్యంగా కాలేయం గంటకు 7 నుంచి 10 గ్రాములు విరుస్తుంది, అలవాటుపడినవారిలో కొంత వేగంగా. రాత్రి పది గంటలకు తాగినది తెల్లవారేసరికి ఖాళీ అవుతుంది. పొద్దున్న వచ్చే ఆ వణుకు కొత్త జబ్బేమీ కాదు, అది ప్రతిరోజూ జరిగే చిన్న విరమణ, పొద్దుటి గుక్క దానికి ఆ మనిషి కనిపెట్టుకున్న వైద్యం. కల్లు మందులోకి రాదని మన లంక గ్రామాలలో ఒక నమ్మకం ఉంది. తాటికల్లులో కూడా నాలుగైదు శాతం ఆల్కహాల్ ఉంటుంది, పొద్దెక్కి పులిసినకొద్దీ పెరుగుతుంది, పెద్ద సీసాకు పాతిక గ్రాముల లెక్క తప్పదు.

నరసాపురం_రేవు

నేను తాగి మానినవాడిని, వైద్యం చదివినవాడిని కాను. డాక్టరు గారు రెండు సమస్యలు వేరన్న మాటకు నా అనుభవం సాక్ష్యం చెబుతుంది. వణుకు, చెమటలు ఆసుపత్రిలో వారంలోపే తగ్గిపోయాయి. ఆ తరువాత నెలల తరబడి పట్టిన నిస్సత్తువ గురించి నాకెవరూ ముందు చెప్పలేదు. నిద్ర రాదు, వచ్చినా రెండు జాములకు మెలకువ వస్తుంది, పులస పులుసు పెట్టినా నాలుకకు రుచి తెలియదు, పిల్లలు నవ్వినా చిరాకు వేస్తుంది. మానితే బాగుంటుందని చెప్పి మాన్పించారు గాని బాగు ఏమీ కనబడటం లేదే అనిపించే ఆ కాలంలోనే చాలామంది మళ్లీ పడిపోతారని, తాగుడు మానదలచినవారు ఒకరికొకరు తోడుగా కలుసుకునే మా ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకు వచ్చేవారిని చూసి చెబుతున్నాను.

నాకు నాల్ట్రెక్సోన్ అనే మాత్ర రాశారు. అది వేసుకుంటున్న రోజులలో ఒకసారి పెళ్లిలో తాగాను. తాగితే మత్తు వచ్చింది గాని, మునుపు మొదటి గుక్కకే లోపల దీపం వెలిగినట్టు ఉండేది ఆ రోజు వెలగలేదు. సగంలో వదిలేసి వచ్చాను. ఎందుకు అలా జరిగిందో డాక్టరు గారు చెబితే వినాలని ఉంది. సాయంకాలం దుకాణం షట్టరు ఎత్తే చప్పుడు వినబడితే ఇప్పటికీ నోట్లో నీళ్లూరుతాయి కనుక, నేను రేవు నుంచి ఇంటికి చుట్టుదారిన వెళతాను.

కౌశిక_తీరం

అందరికీ కృతజ్ఞతలు. జీవరసాయనం గారు చెప్పిన అంకెలను పట్టిక కట్టి మా అబ్బాయికి చూపిస్తాను. డాక్టరు గారి జవాబు అమ్మకూ వదినకూ చదివి వినిపించాను. అమ్మ ఏమీ మాట్లాడలేదు. వదిన మాత్రం ఒక విషయం బయటపెట్టింది. ఆసుపత్రి నుంచి వచ్చాక అన్నయ్యకు తెలియకుండా కూరలో కలిపి పెట్టమని, మందులషాపులో ఎవరో ఒక మాత్ర ఇచ్చారట. పేరు చదివితే అది పైన చెప్పిన డైసల్ఫిరామే. ఇంకా మొదలుపెట్టలేదు. అతను ప్రస్తుతం మాలలోనే ఉన్నాడు, తాగడం లేదు. ఇది పెట్టవచ్చునా? మళ్లీ ఏడు కార్తీకానికి ఏం చేయాలి?

మనోవైద్యం_కాకినాడ

దయచేసి ఆ మాత్ర కూరలో కలపవద్దు. డైసల్ఫిరామ్ మంచి మందే, కాని అది తాను వేసుకుంటున్నానని తెలిసిన మనిషికి మాత్రమే మంచి మందు. తెలియనివాడు మామూలుగా క్వార్టర్ మొత్తం తాగుతాడు, అప్పుడు ఎసిటాల్డిహైడ్ పేరుకుని రక్తపోటు పడిపోవచ్చు, గుండె లయ తప్పవచ్చు, గుండెజబ్బు ఉన్నవారు మరణించిన సందర్భాలు ఉన్నాయి. మాత్ర ఆపిన తరువాత కూడా రెండు వారాల వరకు ఆ ప్రభావం ఉంటుంది. కాలేయానికి కూడా అది హాని చేయగలదు కనుక, మీ ఇంటి చరిత్రలో రక్తపరీక్షలు లేకుండా దానిని తలపెట్టకూడదు. తెలిసి వేసుకునేవారు సైతం ద్రాక్షారిష్టం, దశమూలారిష్టం వంటి అరిష్టాలకు, ఆల్కహాల్ ఉన్న దగ్గు మందులకు దూరంగా ఉండాలి. మనిషికి తెలియకుండా మందు పెట్టడం చట్టరీత్యా, వైద్యనీతి రీత్యా కూడా తప్పు. మీ వదినగారి బాధ నాకు అర్థమవుతుంది, ఆ మాత్ర ఇచ్చినవారి ధైర్యమే నాకు అర్థం కాదు.

నరసాపురం గారు అడిగినదానికి సమాధానం: మద్యం పడగానే మెదడు తన సొంత ఓపియాయిడ్లను, అంటే నల్లమందు వంటి రసాయనాలను, విడుదల చేస్తుంది. మీరు దీపం అన్నది చాలావరకు వాటి పని, డోపమిన్ ఎగసిపడడానికి కూడా అవి తోడ్పడతాయి. నాల్ట్రెక్సోన్ ఆ ఓపియాయిడ్ గ్రాహకాలను మూసివేస్తుంది. గాబా మీద దానికి పని లేదు కనుక మత్తు వస్తుంది, సుఖం రాదు. అమెరికాలో దీనిని మద్య వ్యసనానికి 1994లో ఆమోదించారు. మీరు చెప్పిన నెలల నిస్సత్తువ కూడా కల్పన కాదు. ఏళ్ల తరబడి తాగిన మెదడులో ఒత్తిడిని పుట్టించే వ్యవస్థ మితిమీరి ఉంటుంది, మద్యం లేనప్పుడు అది ఒంటరిగా రాజ్యమేలుతుంది. జార్జ్ కూబ్ వంటి పరిశోధకులు దీనిని వ్యసనానికి కేంద్రంగానే చూస్తారు. ఆ దశలో మనిషి సుఖం కోసం తాగడు, ఆ దుర్భర స్థితి నుంచి గంటసేపు బయటపడడానికి తాగుతాడు. అకాంప్రోసేట్ అనే మందు ఈ దశలో కొందరికి మేలు చేస్తుంది. అది మూత్రపిండాల ద్వారా పోతుంది కనుక కాలేయం దెబ్బతిన్నవారికి కూడా తరచుగా ఇవ్వగలం, నాల్ట్రెక్సోన్‌కు ఆ వెసులుబాటు తక్కువ.

మాష్టారూ, మీ అన్నయ్యగారు ఇప్పుడు మాలలో ఉండడం మంచి అవకాశం. ప్రమాదకరమైన మొదటి వారం దాటిపోయింది, మనసు స్థిమితంగా ఉంది, ఈ రోజులలో మాట్లాడితే వింటారు. మాల తీసే వరకు ఆగకుండా ఇప్పుడే ఆయనను వెంటబెట్టుకుని ఏదైనా మనోవైద్య విభాగానికి వెళ్లండి. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. ముందుగా ఫోనులో మాట్లాడదలచుకుంటే జాతీయ వ్యసన విముక్తి సహాయ కేంద్రం 14446, మానసిక ఆరోగ్యానికి టెలి మానస్ 14416. మొన్న చేర్చిన ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితం, అక్కడ వాడిన మందుల చీటీ తప్పకుండా తీసుకువెళ్లండి, ఎందుకంటే ఫిట్స్‌కు వేరే కారణం లేదని తేల్చుకోవడానికి, కాలేయం స్థితిని బట్టి మందు ఎంచుకోవడానికి అవి అవసరం. భోగికి ముందే చికిత్స మొదలై ఉండాలి. ఆ మూడు రోజులు ఆయన బరుల వైపు పోకుండా ఊరు దాటి ఎక్కడైనా బంధువుల ఇంట్లో ఉండే ఏర్పాటు చేయగలిగితే, అది కూడా చికిత్సతో సమానమే.

ఒకవేళ మళ్లీ తాగడం మొదలైతే, వచ్చే కార్తీకంలో మాల వేసుకునే రోజున ఒక్కసారిగా మాత్రం మానవద్దు. పది పదిహేను రోజుల ముందే ఆసుపత్రిలో చేర్చండి. డయాజెపామ్ జాతి మందులను తగిన మోతాదులో మొదలుపెట్టి, రోజురోజుకూ తగ్గిస్తూ, థయమిన్ ఇస్తూ, ఫిట్స్ లేకుండా మాన్పించవచ్చు. ఆ మాత్రలు కూడా అలవాటుపడే గుణం ఉన్నవే కనుక ఇంట్లో సొంతంగా కొని వాడకూడదు. దీక్షలో ఒంటిపూట భోజనం నియమం ఉంటుంది గనుక థయమిన్ మాత్రలు ఆ 41 రోజులూ కొనసాగాలి. మాలలో ఉండి ఇంగ్లీషు మందులు వేసుకోవచ్చునా అని గురుస్వామి అభ్యంతరపెడితే, మధుమేహం ఉన్న స్వాములు ఇన్సులిన్ వేసుకునే కొండ ఎక్కుతున్నారని ఆయనకు గుర్తుచేయండి.